ముక్కు లేని కెటిల్

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా రోడ్డు పక్కన నా కుంచె తగలని గోడ లేదని మా కాలనీలో చెప్పుకుంటూ తిరుగుతుంటాను. వినేవాళ్లు కొత్తవాళ్లయితే భద్రాచలం కూడా దాటించి అవతలి అడవుల దాకా తీసుకుపోతాను. తల నెరిసినవాణ్ని కదా, ఎవరూ అడ్డు చెప్పరు. అసలు సంగతి ఏమిటంటే, చండ్రుగొండ అవతల అడవి అంచున ఉన్న మా ఊళ్లోనూ, ఆ పక్క గూడేల్లోనూ కొన్ని గోడల మీద ఒకే ఒక్క బొమ్మ వేశాను. అవి కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. నేనే సున్నం కొట్టి చెరిపాను. ఆ తర్వాత కరెంటాఫీసులో ఉద్యోగం దొరికింది. ట్రాన్స్‌ఫార్మర్ల మీద పుర్రె బొమ్మలూ, స్తంభాల మీద నంబర్లూ వేస్తూ వేస్తూ రిటైరయ్యాను. పుర్రెకు ముక్కు ఉండదు కాబట్టి ఆ పనిలో నేను ఏనాడూ మాట పడలేదు.

ఈ చలికాలం చివర ఒక ఆదివారం పొద్దున మా బావ నర్సయ్య ఖానాపురం హవేలిలోని మా ఇంటికి వచ్చాడు. నర్సయ్య మా మేనత్త లచ్చుమమ్మ కొడుకు. బస్టాండు దగ్గర షేర్ ఆటో ఎక్కి, ఒళ్లో పసిబిడ్డను పెట్టుకున్నట్టు ఒక యూరియా సంచిని పట్టుకొని దిగాడు. అందులోంచి తీసి మా గాజు బల్ల మీద పెట్టింది మా అత్త హోటలు కెటిల్. అల్యూమినియంది. అడుగు నుంచి సగం దాకా మసిబారి, ఒక పక్క సొట్టపడి ఉంది. మూత మీది గుండీ ఎప్పుడో ఊడిపోతే దాని బదులు సైకిల్ నట్టు బిగించారు. అత్త కిందటి వానాకాలంలో చనిపోయింది. ఆమెతో పాటే హోటలూ మూతబడింది.

“సామానంత ఎవలకో ఒకలకు ఇచ్చేసినం బావా. గిది మాత్రం నీకే ఇయ్యాలెనని అమ్మ శానా సార్లు చెప్పింది,” అన్నాడు నర్సయ్య. అని, కెటిల్‌ను మెల్లగా తిప్పి, దాని ముక్కు నా వైపు కాకుండా కిటికీ వైపు ఉండేలా సర్దాడు. “ఇచ్చేటప్పుడు గిట్ల పక్కకు తిప్పి వెట్టుమన్నది. ఎదురుంగ వెడితే అదేందో నీకు సమజ్ కాదట.”

మా కోడలు బ్యాంకులో పనిచేస్తుంది, అంత తొందరగా దేనికీ నవ్వదు. ఆమె కూడా వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వింది. నా మర్యాద కాపాడుకోవాలి కదా. ఈ కెటిల్ సామాన్యమైంది కాదని, దీని బొమ్మ వేసి నేను ఒకప్పుడు ఒక ఎన్నిక ఫలితాన్నే మార్చేశానని ఆమెకు చెప్పాను. “గెలిపించారా మావయ్యా?” అంది. గెలిపించాను అన్నాను. ఎవరిని అని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. నర్సయ్యకు మాత్రం తాగుతున్న చాయ్ పొలమారింది.

పది ఒక్క దెబ్బతో పాసయ్యానని చెబుతుంటాను గాని, రెండో దెబ్బ కూడా పడింది. ఆ తర్వాత మా నాయన నన్ను ఖమ్మం పంపాడు, టైపు నేర్చుకొమ్మని. మా చిన్నమ్మ వాళ్లింట్లో తిండి, సైకిల్ మీద ప్రయాణం. టైపు నేర్పే గది ఒక మేడ మీద ఉండేది. మెట్ల కింద యాకూబ్ మాస్టర్ అనే ఆయన బోర్డులు రాసే కొట్టు. పై నుంచి మిషన్ల టకటకలు, కింద నుంచి వార్నిషు, కిరోసిన్, తుమ్మ బంక నానబెట్టిన వాసన. నేను మెట్లెక్కకుండా కిందే ఆగిపోయాను. చిత్రకళ నన్ను పిలిచిందని చెప్పడం నాకు అలవాటు. నిజానికి ఆ రోజు ఎండ మండిపోతోంది, ఆ కొట్లో ఫ్యాన్ ఉంది. పైన లేదు.

యాకూబ్ మాస్టర్ ఖమ్మంలోకెల్లా గొప్ప చిత్రకారుడు. ఈ మాట ఆయన నోటనే విన్నాను. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకొని రంగుల మధ్య కూచునేవాడు, సాయంత్రానికి బట్టల మీద ఒక్క చుక్క ఉండేది కాదు. బట్టల దుకాణం బోర్డు రాస్తే దుకాణం పేరు కన్నా కింద తన సంతకమే ముందు కనబడేది. ఒక షావుకారు దాని మీద తగాదాకు వస్తే, నీ దుకాణం ఇవాళ ఉంటుంది రేపు పోతుంది, నా సంతకం మాత్రం ఉంటుందని పంపేశాడు. అట్లాంటి మనిషి నన్ను శిష్యుడిగా ఎందుకు తీసుకున్నాడో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఆయన తనను తాను పొగుడుకుంటుంటే వినడానికి రోజంతా ఎవరో ఒకరు ఉండాలి. అంతే.

ఆయన నాకు అక్షరాలు నేర్పలేదు. కొట్టు మధ్యలో ఒక స్టూలు వేసి, దాని మీద రోజుకో వస్తువు పెట్టేవాడు. వంకాయ, సబ్బుపెట్టె, గుడ్డ ముక్క బిరడాగా దోపిన కిరోసిన్ సీసా, ఒకరోజు తన ఎడమకాలి హవాయి చెప్పు. పాత అట్టముక్క, కొన్ని రంగులు, ఒక బల్లపరుపు కుంచె ఇచ్చి వెయ్యమనేవాడు. మొదటి రోజు నేను బడిలో నేర్చుకున్నట్టు వంకాయ చుట్టూ చక్కగా గీత గీసి, లోపల ఊదారంగు నింపడం మొదలుపెట్టాను. ఆయన కుంచె లాక్కున్నాడు.

“గా వంకాయ చుట్టూత గీత ఉన్నదా? తాకి చూపియ్. లేదు గద. లేని గీత నువ్వెందుకు గీస్తవ్?” అన్నాడు. “వంకాయ అన్న పేరు మర్చిపో. పేరు యాదికొస్తే చెయ్యి బళ్లె నేర్సుకున్న వంకాయే ఏస్తది. గీడ నల్ల ముక్క, పక్కన ఊద ముక్క, మీద గింత తెల్ల ముక్క. ముక్కలే ఉన్నయ్ దునియాల. ముక్క పక్కన ముక్క పెట్టుకుంట పో. వంకాయ అదే వస్తది, నువ్వు పిలవనక్కర్లే.”

ఇంకో నియమం కూడా ఉండేది. స్టూలు మీద పెట్టిన వస్తువును ముట్టుకోకూడదు. అది ఉన్నచోటి నుంచి సరిగ్గా కనబడకపోతే మనమే లేచి వేరే దిక్కున కూచోవాలి. ఈ నియమాన్ని నేను అంత శ్రద్ధగా వినలేదు. ఫ్యాన్ కింద చోటు ఒక్కటే ఉండేది. లేస్తే మాస్టర్ దగ్గరికి వచ్చే ఊసుపోని జనంలో ఎవరో ఒకరు అక్కడ కూచునేవారు. అందుకని నా వంకాయలూ సీసాలూ అన్నీ ఒకే వైపు నుంచి కనబడేవి.

ముక్కలుగా చూడటం ఎంత కష్టమో చెబితే నమ్మరు. కళ్లు సగం మూసి చూడాలి. అప్పుడు చిన్నాచితకా వివరాలు పోయి, వెలుగు ముక్క ఒకటి, మధ్యరకం ఒకటి, చీకటి ముక్క ఒకటి మిగులుతాయి. నీడ నల్లగా ఉంటుందని అప్పటిదాకా అనుకునేవాణ్ని. ఎర్రటి గచ్చు మీద సబ్బుపెట్టె నీడ నలుపు కాదు, ముదురు ఎరుపు. సున్నం గోడ తెలుపు కాదు, పొద్దున పూట నీలం, సాయంత్రం పూట పెసరపప్పు రంగు. ఇవన్నీ నేనే కనిపెట్టానన్నంత గర్వంగా ఉండేది. నేను మాస్టర్ చెప్పు బొమ్మ వేసిన రోజు మాత్రం గర్వం కూడా మర్చిపోయాను. అట్ట మీద ముక్కలు పెట్టుకుంటూ పోయాను, ఏదీ దేనికీ అతకలేదు, మాసిన గుడ్డపేలికల కుప్పలా ఉంది. విసుగొచ్చి నీళ్లు తాగుదామని వీధి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూశాను. అట్ట మీద చెప్పు ఉంది. మడమ దగ్గర అరిగిపోయి, వేళ్ల గుర్తులు పడి, ఇప్పుడే విప్పి పెట్టినట్టుంది. నేను చెప్పు వెయ్యలేదు, అది వచ్చి కూచుంది. ఈ ఒక్క విషయంలో నేను కొంచెం కూడా పెంచి చెప్పడం లేదు.

శనివారాలు బస్సెక్కి ఊరికి పోయేవాణ్ని. ఇంటి వాకిట్లో అడుగుపెడుతుంటేనే ఇప్పపూలు ఎండబోసిన తియ్యటి వాసన, దాని మీద మా నాయన చుట్ట పొగ, ఆ రెండింటి కింద పేడ అలికిన తడి. మా తాత అరుగు మీద కూచుని చాయ్ సాసర్‌లో పోసుకొని ఊదుకుంటూ, ఒక గుక్క తాగి, చక్కెర తక్కువైందని అనేవాడు. మా అమ్మ లోపలికి పోయి, ఏమీ కలపకుండా అదే చాయ్ చెంచాతో తిప్పి తెచ్చి ఇచ్చేది. ఇప్పుడు సరిపోయిందనేవాడు. ప్రతిరోజూ ఇదే. ఆ ఇంట్లో నేను భోజనానికి కూచుని, కళ్లు సగం మూసి, కంచంలోని పప్పునూ నీళ్ల చెంబునూ ముక్కలుగా చూస్తుండేవాణ్ని. మా నాయన నిద్రమొహం అని తిట్టేవాడు. మా అమ్మ మాత్రం నా చూపు మందగించిందని నిర్ణయించుకుంది. పొన్నగంటి కూర కంటికి మంచిదని ఎవరో చెప్పారు. ఇంక నేను ఇంటికి పోయినన్నాళ్లు పొన్నగంటి పప్పు, పొన్నగంటి వేపుడు, పొన్నగంటి పచ్చడి. ఇది కళ కోసమమ్మా అని చెబితే, ఆ కళ ఏదో రెండు కళ్లు తెరిచి నేర్చుకోవచ్చు కదా అనేది.

మా అత్త లచ్చుమమ్మ హోటలు బస్సు స్టేజీ దగ్గర ఉండేది. మామ నా చిన్నప్పుడే పోయాడు. తాటాకు కప్పు, రెండు బెంచీలు, మట్టిపొయ్యి. పొద్దున్నే అల్లం దంచిన వాసన, సాయంత్రం మిర్చి బజ్జీ వాసన వస్తే చాలు, టైమెంతో చెప్పేవాళ్లం. ఆమె కెటిల్ ఎత్తి పట్టుకొని గ్లాసులోకి చాయ్ పోస్తే తాడులాగా దిగేది, ఒక్క చుక్క పక్కన పడేది కాదు. పంచాయతీ ఆఫీసులో మీటింగయినప్పుడల్లా ఆమే చాయ్ తీసుకుపోయేది. సర్పంచి, వార్డు మెంబర్లు కుర్చీల్లో కూచుని తాగుతుంటే, ఖాళీ గ్లాసుల కోసం ఆమె తలుపు పక్కన నిలబడి ఉండేది. మా ఊరి రోడ్డు సంగతి, నీళ్ల సంగతి అన్నీ అట్లా నిలబడే విన్నది. ఒకరోజు గ్లాసులు కడుగుతూ నాతో అంది:

“ఒక్కసారన్న గా కుర్చీల కూసోని, ఎవలన్న తెచ్చిన చాయ్ తాగాలెరా అల్లుడా. నిలవడి ఇన్న ముచ్చటకు, కూసోని ఇన్న ముచ్చటకు ఫరకు ఏమన్న ఉంటదేమో సూడాలె.”

ఆ ఏడు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. అత్త మా వార్డుకు నిలబడింది. ఎదురు నిలబడ్డది ఎరువుల కొట్టు కిష్టయ్య. గుర్తులు ఇచ్చారు. అత్తకు కెటిల్ వచ్చింది. ఊరంతా ముక్కు మీద వేలేసుకుంది. ఇంతకన్నా అదృష్టం ఉంటుందా. పొద్దున లేస్తే ప్రతి మనిషీ ఆ గుర్తు చూసే చాయ్ తాగుతాడు. కిష్టయ్యకు కుండ వచ్చింది. కుండ ఎవరింట్లోనైనా ఉంటుంది, దాంట్లో విశేషమేముందని నవ్వారు. పక్క గూడేలూ మా వార్డు కిందికే వచ్చేవి. అక్కడ చదువుకున్నవాళ్లు తక్కువ, కొందరికి మన తెలుగు కూడా అంతంతే. వాళ్లకు అభ్యర్థి పేరు కాదు, బొమ్మే ముఖ్యం. ఖమ్మంలో పెద్ద చిత్రకారుడి దగ్గర నేర్చుకుంటున్న మేనల్లుడు ఉండగా వేరే మనిషెందుకని నేనే ముందుకు దూకాను. అత్తకు అంత అవసరం అనిపించలేదు. గుర్తు నా చేతిలోనే ఉంది కదరా అంది. నేను వినలేదు.

బొమ్మ వెయ్యాలంటే వస్తువు ముందు కూచోవాలి, అది మాస్టర్ పద్ధతి. అచ్చుకాగితం మీద వచ్చిన కెటిల్ గుర్తును చూసి ఎక్కించడం చిల్లరపని అనుకున్నాను. అత్త హోటల్లో బెంచీ మీద కూచుని, పొయ్యి గట్టు మీదున్న అసలు కెటిల్‌ను కళ్లు సగం మూసి చూశాను. కెటిల్ ముక్కు సరిగ్గా నా మొహం వైపు తిరిగి ఉంది. పక్క నుంచి చూడాలంటే పొయ్యికి అవతల కూచోవాలి, అక్కడ పొగ. ఎదురుగా చూడటమే ధైర్యమైన కళ అని తర్వాత చాలామందికి చెప్పాను. అసలు కారణం పొగే.

ఎదురు నుంచి చూస్తే కెటిల్ ముక్కు ముక్కులాగా ఉండదు. పొట్ట మధ్యలో ఒక గుండ్రటి నల్ల ముక్క, అంతే. నేను పేరు మర్చిపోయాను కదా, నాకు అది ముక్కు అన్న సంగతే గుర్తు లేదు. నల్ల ముక్క కనబడింది, నల్ల ముక్క పెట్టాను. కింద మసి ముక్క, మీద బూడిద ముక్క, ఒక పక్క మెరుపు ముక్క, పైన మూత. పిడి ఎదురు నుంచి సన్నగా ఉట్టితాడులా కనబడితే అట్లాగే వేశాను. దీపం మసి, నీలిమందు, ఎర్రమన్ను, సున్నం, అన్నీ తుమ్మ బంకలో కలిపి గోడ గోడకూ వేసుకుంటూ పోయాను. దూరం నిలబడి చూస్తే గోడలోంచి పొడుచుకొని వచ్చినట్టు ఉండేది. పట్టుకొని ఎత్తబోయేలా ఉందని జనం అన్నారని చెబుతుంటాను. ఒక మేక వచ్చి నాకింది, అంతవరకు నిజం.

ఒక గూడెంలో బొమ్మ పూర్తిచేసి వెనక్కి జరిగి చూసుకుంటుంటే, ఒక ముసలమ్మ వచ్చి చాలాసేపు చూసింది. వేలితో గోడ మీద తట్టింది. తన భాషలో ఏదో అంది. ఆమె మనవరాలు నవ్వుతూ చెప్పింది, “మంచిగ కాలిందంటున్నది. పగల్లేదు అంటున్నది.” నా జన్మలో నేను విన్న మెప్పులన్నిట్లో ఇది గొప్పది. మంటల్లో మసిబారిన లోహాన్ని ఎంత బాగా పట్టుకున్నానో ఒక గూడెం ముసలమ్మ గుర్తించిందని ఇంటికి వచ్చి మా తాతకూ అత్తకూ చెప్పాను. తాత సాసర్ కింద పెట్టి నా వైపు చూశాడు.

రెండు రోజుల తర్వాత సాయంత్రం కిష్టయ్య హోటలుకు వచ్చాడు. ఎన్నికలు మొదలయ్యాక ఆ వైపు రావడం అదే మొదటిసారి. చాయ్ తాగి, కండువాతో మూతి తుడుచుకొని, అత్తకు దండం పెట్టాడు.

“పోటీ పోటీనే అక్కా. గని నీ అల్లుడు మాత్రం దొడ్డ మనసున్నోడు. నేను అడగనన్న అడగలే. గూడేలల్ల ఏ గోడ జూసినా నా కుండే.”

అత్త చేతిలో గ్లాసు కింద పెట్టింది. తర్వాత నా చొక్కా భుజం పట్టుకొని, బడి గోడ దాకా నడిపించుకుపోయింది. ఆమె ఇంకో చేతిలో కెటిల్ ఉంది. దాన్ని కింద పెట్టాలన్న ధ్యాస లేదు. గోడ ముందు నిలబడి బొమ్మను చూసింది, చేతిలోని కెటిల్‌ను చూసింది.

“ముక్కేదిరా?” అంది.

నేను పొట్ట మధ్యలోని నల్ల ముక్క చూపించాను. ఎదురు నుంచి చూస్తే ముక్కు అట్లాగే కనబడుతుందని, గీతలు లోకంలో లేవని, అన్నీ ముక్కలేనని, యాకూబ్ మాస్టర్ చెప్పినదంతా చెప్పాను. ఆమె చివరి దాకా విన్నది.

“అయితె చాయ్ గా బొక్కలకెల్లి పోస్తరా నీ ఖమ్మంల?” అంది. “నా బతుకంత ఈ ముక్కు మీద నడ్సిందిరా. ముక్కు లేంది కెటిల్ ఎట్లయితది, కుండ గాక? గా ముసల్ది మంచిగనే చెప్పింది నీకు.”

అప్పుడు నాకు ముసలమ్మ మాట అర్థమైంది. మూత, ఉట్టితాడు, మసి పట్టిన అడుగు, గుండ్రటి పొట్ట. పగలకుండా బాగా కాలిన కుండ. నేను అసలైన కళాకారుణ్నే, అందులో అనుమానం లేదు. ఎదుటివాడి గుర్తును అంత బాగా వేసినవాళ్లు ఈ అడవి అంచున ఇంకొకరు లేరు.

మర్నాడు పొద్దున్నుంచి పరుగెత్తి పరుగెత్తి, ప్రతి బొమ్మకూ కుడిపక్కన ఒక పొడుగాటి ముక్కు అతికించాను. మధ్యలో నల్ల ముక్క అట్లాగే ఉంది, పక్కన కొత్త ముక్కు మొలిచింది. అది కెటిల్ కాలేదు. తొండమున్న కుండ అయింది. పిల్లలు దానికి కళ్లు కూడా పెట్టారు. సాయంత్రానికి కిష్టయ్య ఎన్నికల ఆఫీసరుకు ఫిర్యాదు చేశాడు, తన కుండ గుర్తుల మీద ఎదుటివాళ్లు ముక్కులు గీసి పాడుచేస్తున్నారని. ఆఫీసరు జీపులో వచ్చాడు. ఊరు సగం బడి గోడ ముందు చేరింది. అవి కుండలు కావు, మొదటి నుంచీ కెటిళ్లేనని నేను ఆయనతో వాదించాను. నిరూపించమన్నాడు. అత్త కెటిల్‌ను అరుగు మీద పెట్టి, ముక్కు ఆయన వైపు తిప్పాను. ఆయన వంగి, ఎండకు కళ్లు చికిలించి చూశాడు. నాకు ఆశ కలిగింది, కళ్లు సగం మూసిన మనిషికి ముక్కలు కనబడక తప్పదు.

“నిజమేనయ్యా, ముందు నుంచి అచ్చం ఇలాగే ఉంది. చాలా బాగా వేశావు,” అన్నాడు. “కాని ఓటు కాగితం మీద కెటిల్ పక్క నుంచి ఉంటుంది. ఇది చూసి వెళ్లినవాడు అక్కడ దీన్ని ఎక్కడ వెతుక్కుంటాడు?”

అన్నీ చెరిపెయ్యమన్నాడు. కిష్టయ్య తన కుండలు చెరపడానికి వీల్లేదని గొడవచేశాడు. చివరికి నేనే బకెట్‌తో సున్నం మోసుకొని, వేసిన గోడలన్నీ తెల్లగా చేశాను. ముసలమ్మ గూడెంలో ఆమె బయటికి వచ్చి అడ్డుపడింది. మంచి కుండను ఎందుకు పాడుచేస్తున్నావని తిట్టిందట. మనవరాలు అంతవరకే చెప్పింది, మిగతావి చెప్పనంది.

అత్త ఓడిపోయింది. ఒక్క ఓటు తేడాతో అని చెబుతుంటాను, వినడానికి బాగుంటుందని. ఒక్క ఓటు కాదు. గూడేల ఓట్లు కట్టగట్టి కుండలో పడ్డాయి. గెలిచిన సాయంత్రం పంచాయతీ ఆఫీసులో అందరికీ చాయ్ పొయ్యమని కిష్టయ్య కబురు పెట్టాడు. అత్త పోదనుకున్నాను. కెటిల్ నింపుకొని, గ్లాసుల గంప నా నెత్తిన పెట్టి బయల్దేరింది. కుర్చీల్లో ఉన్నవాళ్లందరికీ వరసగా పోసింది. కిష్టయ్యకు ఏమనిపించిందో, లేచి తన కుర్చీ చూపించి, “జర సేపు కూసో అక్కా,” అన్నాడు. అత్త కుర్చీ వైపు చూసింది. చూడలేదని నేను చెప్పలేను.

“ఓట్లు లేకుంట కూసుంటే గది కుర్చీ గాదు తమ్మీ, ఉట్టి స్టూలు,” అంది. “నువ్వు కూసో. చాయ్ సల్లారుతది.”

అందరికీ పోశాక ఒక గ్లాసు మిగిలింది. అది నాకిస్తూ, కెటిల్ ముక్కును నా ముక్కు దాకా తెచ్చి, “కనవడుతున్నదా అల్లుడా?” అని అడిగింది. గది గదంతా నవ్వింది. ఆ తర్వాత నేను ఎప్పుడు ఊరికి పోయినా, పెళ్లయి భార్యను వెంటబెట్టుకొని పోయినా, జుట్టు తెల్లబడ్డాక పోయినా, చాయ్ పోసే ముందు ఆమె అడిగే మాట అదే. హోటలుకు బోర్డు మాత్రం నా చేతే వేయించింది. పక్కన నిలబడి ముక్కు ఎంత పొడుగుండాలో చేత్తో కొలిచి చూపించింది. బోర్డు చాలక ముక్కు చివర పక్క గుంజ మీదికి ఎక్కింది. ఆమె మళ్లీ ఎన్నికల్లో నిలబడలేదు.

ఇప్పుడు గోడల మీద బొమ్మలు వేసేవాళ్లు లేరు. మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో ఊరికి పోతే, స్తంభానికో ఫ్లెక్సీ. బకెట్టూ, కత్తెరా, గ్యాసు పొయ్యీ కంపెనీ వాళ్ల ఫొటోల్లా తళతళా మెరిసిపోతున్నాయి. వాటిని చూసి ఎవరూ పొరపడరు. మేక కూడా నాకదు. అది మంచిదే. పొరపాటు లేని బొమ్మను ఎవరైనా ఎంతసేపు చూస్తారన్నది నా అనుమానం. మా కుండను ఆ ముసలమ్మ చూసినంతసేపు ఈ ఫ్లెక్సీలను అభ్యర్థులు కూడా చూడరు. ఇట్లా అనడం ఓడిపోయినవాడి మాట అని నాకు తెలుసు.

నర్సయ్య వచ్చి వెళ్లిన తర్వాతి ఆదివారం నేను కెటిల్‌ను సంచిలో పెట్టుకొని బొమ్మల క్లాసుకు పోయాను. ఇంట్లో ఊరికే కూచుంటే ఎదురింటివాళ్లతో తగాదా పెట్టుకుంటున్నానని మా కోడలే నన్ను అందులో చేర్చింది. మా వీధి చివర ఒక మేడ మీద స్రవంతి అనే అమ్మాయి నేర్పుతుంది. నాలాంటి రిటైరైనవాళ్లం, ఇద్దరు ముగ్గురు గృహిణులు, ఒక డాక్టరుగారు. ఆ రోజు ఎవరింటి వస్తువు వాళ్లు తెచ్చుకోమంది. నా కెటిల్ చూసి ముచ్చటపడి, అందరం ఇదే వేద్దామంది. “వస్తువు పేరు మర్చిపోండి. అవుట్‌లైన్ వద్దు. కలర్ బ్లాకులుగా మాత్రమే చూడండి,” అని చెప్పింది. ఈ పద్ధతి ఖమ్మం జిల్లాకు తెచ్చిందే నేనని డాక్టరుగారికి చెవిలో చెప్పాను. ఆయన నమ్మాడు. పాపం మంచివాడు.

పెట్టడానికి స్టూలు కనబడలేదు. స్రవంతి చుట్టూ చూసి, ఒక నీలం కుర్చీ లాగి గది మధ్యలో వేసి, దాని మీద కెటిల్‌ను పెట్టింది. చుట్టూ మేమందరం కాగితాలు పట్టుకొని దాని వైపే చూస్తున్నాం. ఎవరో కింది కొట్టుకు ఫోన్ చేస్తే పేపర్ కప్పుల్లో చాయ్ వచ్చింది. నా కప్పు నేను తాగకుండా, లేచి వెళ్లి కుర్చీ మీద కెటిల్ పక్కన పెట్టాను. “కంపోజిషన్ చాలా బాగుంది అంకుల్, అలాగే ఉంచండి,” అంది స్రవంతి.

వచ్చి నా చోట కూచున్నాను. ఫ్యాన్ కింద చోటు, నేను ముందే వచ్చి పట్టుకున్నది. కెటిల్ ముక్కు సరిగ్గా నా మొహం వైపు ఉంది. పొట్ట మధ్యలో గుండ్రటి నల్ల ముక్క. కాసేపు కళ్లు సగం మూసి చూశాను. తర్వాత నా కుర్చీ ఎత్తుకొని, డాక్టరుగారి మోకాళ్లకు తగిలిస్తూ, అందరినీ జరిపించుకుంటూ, పక్క గోడ దగ్గరికి పోయి వేసుకున్నాను.

“అంకుల్, అటు నుంచి లైట్ సరిగ్గా పడదు,” అంది స్రవంతి.

“పడకపోనీ అమ్మా,” అన్నాను. “ముక్కు కనబడుతోంది.”